తూలినప్పుడు కాలికి కావలసింది వేగం

"నాన్నగారు రోజూ గంటసేపు నడుస్తారు. అయినా కాలికి ఏదైనా తగిలితే నిలదొక్కుకోలేక పడిపోతున్నారు. కాళ్ళలో బలం ఉన్నట్టా, లేనట్టా?" అని ఒక పాఠకురాలు అడిగారు. బలం ఉంది. సమయానికి అందడం లేదు.

నరాలు నెమ్మదించడమే కారణమని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. కాలి కండరాలకు వెళ్ళే నరాల్లో సంకేతం సెకనుకు సుమారు 50 మీటర్లు వెళ్తుంది. వెన్నుపాము నుంచి పాదానికి మీటరు దూరం అనుకుంటే 20 మిల్లీసెకన్లు. వయసుతో ఆ వేగం 45 మీటర్లకు తగ్గినా 22 మిల్లీసెకన్లే. రెండు మిల్లీసెకన్ల ఆలస్యానికి ఎవరూ పడిపోరు. మెదడు నిర్ణయానికి పట్టే సమయం అంతకంటే ఎక్కువే పెరుగుతుంది. కానీ అసలు విశేషం ఆదేశం అందాక కండరంలో జరుగుతుంది.

కండరంలో నిదానంగా ముడుచుకునే పోగులూ, వేగంగా ముడుచుకునే పోగులూ కలగలిసి ఉంటాయి. ఒక్కో మోటార్ న్యూరాన్, అంటే వెన్నుపాములో ఉండి కండరానికి ఆదేశాలు పంపే నరకణం, వందల పోగుల్ని పోషించే ఇల్లు లాంటిది. అరవై దాటాక ఈ న్యూరాన్లు చనిపోవడం ఎక్కువవుతుంది, ముఖ్యంగా వేగపు పోగుల్ని నడిపే పెద్దవి. వాటి పోగులు అనాథలవుతాయి. అప్పుడు పక్కనున్న న్యూరాన్ కొత్త కొమ్మలు చాచి కొన్నిటిని దత్తత తీసుకుంటుంది. ఎవరూ తీసుకోని పోగులు చిక్కి నశిస్తాయి. దత్తత వెళ్ళినవి మాత్రం కొత్త ఇంటి నడవడిక నేర్చుకుంటాయి! 1960లో శాస్త్రవేత్తలు బుల్లర్, ఎక్లెస్‌లు పిల్లుల మీద చేసిన ప్రయోగంలో, వేగపు కండరానికి నిదానపు కండరం నరాన్ని కలిపితే అది నిదానంగా ముడుచుకోవడం మొదలుపెట్టింది. దత్తత తీసుకున్న ఇల్లూ మారుతుంది. సభ్యులు పెరిగిపోవడంతో ఒక్క పిలుపుకి అవసరానికి మించి కదులుతారు, దాంతో కదలికలో నాజూకు తగ్గుతుంది.

ఇప్పుడు గడియారం చూద్దాం. కుర్రవాళ్ళ తొడ కండరానికైనా పూర్తి బలం రావడానికి దాదాపు 300 మిల్లీసెకన్లు పడుతుంది. తూలినప్పుడు అంత వ్యవధి దొరకదు. మొదటి 200 మిల్లీసెకన్లలో బలం ఎంత నిటారుగా లేస్తుందన్నదే ముఖ్యం, ఆ పని వేగపు పోగులది. వయసుతో కండరం పరిమాణం కంటే బలం, బలం కంటే బలాన్ని వేగంగా వాడే శక్తి త్వరగా తగ్గుతాయి. తొడ చుట్టుకొలత చూసి నిశ్చింతగా ఉండడానికి లేదు.

మరి నడక? చిన్న న్యూరాన్లు ముందు, పెద్దవి అవసరమైతేనే పనిలోకి దిగుతాయని శాస్త్రవేత్త హెన్నెమన్ చూపించాడు. చదును నేల మీద నడకకు చిన్నవే దాదాపు సరిపోతాయి. గుండెకు మంచిదే, కానీ పెద్ద న్యూరాన్లకు పిలుపు రాదు.

పెద్దవాళ్ళ కాళ్ళకు విశ్రాంతే మందు అనే నమ్మకం నన్ను నిజంగా బాధపెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళను పది రోజులు మంచం మీద ఉంచితే కాళ్ళ నుంచే దాదాపు కిలో కండరం పోయిందని ఒక అధ్యయనం చెప్పింది. దీనికి ఎదురుగా 1990లో పరిశోధకురాలు ఫియాటరోన్ బృందం, వృద్ధుల సంరక్షణ కేంద్రంలో తొంభై ఏళ్ళ వయసువారితో 8 వారాలు తొడలకు బరువు వ్యాయామం చేయించింది. బలం సగటున 174 శాతం పెరిగింది, కండరం మాత్రం 9 శాతమే. మిగతాదంతా చాలావరకు ఉన్న న్యూరాన్లు మళ్ళీ గట్టిగా, ఒక్కసారిగా పిలవడం నేర్చుకున్న ఫలితం.

అందుకే నడకతో పాటు కుర్చీలోంచి వీలైనంత చురుగ్గా లేచి, నిదానంగా కూర్చోవడం కూడా చేయించాలి. పక్కన పట్టుకోవడానికి ఆధారం ఉండాలి. గుండె జబ్బు, మోకాళ్ళ నొప్పి ఉంటే ముందు డాక్టర్‌ని అడగాలి.