పాలీహౌస్ డ్రెయిన్ నీళ్లూ, సోడియం లెక్కా

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు పాలీహౌస్‌లో (ప్లాస్టిక్ షీటు కప్పిన పంటశాలలో) కీరా, క్యాప్సికం పండించే ఒక రైతు ఈ ప్రశ్న పంపారు: "కొబ్బరి పొట్టు నింపిన గ్రో బ్యాగుల కింద కారిపోయే డ్రెయిన్ నీళ్లను తొట్టిలో పట్టి మళ్లీ డ్రిప్పులో వదిలాం. మొదట్లో బాగానే ఉంది. తర్వాత ఆకుల అంచులు మాడిపోయాయి. హాలండ్‌లో అందరూ ఇలాగే చేస్తారంటారు కదా, మాకెందుకు కుదరలేదు?" చాలా మంచి ప్రశ్న. దీని జవాబంతా ఒకే ఒక్క మూలకం చుట్టూ తిరుగుతుంది. అది సోడియం.

పాలీహౌస్‌లో వృథా అనగానే చిరిగిన షీట్లు, పంటయ్యాక పీకేసిన మొక్కలు గుర్తొస్తాయి. షీటును తగలబెట్టకుండా రీసైక్లింగ్‌కి ఇవ్వాలి, మొక్కలను కంపోస్టు గుంతలో వెయ్యాలి, తీగలు పాకించే తాడు ప్లాస్టిక్‌ది కాకుండా జనపనారది వాడితే దాన్ని విప్పి ఏరే పని కూడా తప్పుతుంది. ఇవన్నీ తెలిసినవే. ఖరీదైన వృథా మాత్రం బ్యాగుల కింద చప్పుడు లేకుండా కారిపోతుంటుంది. గ్రో బ్యాగుల సాగులో మొక్క తాగేదానికన్నా 20 నుంచి 30 శాతం ఎక్కువ నీళ్లివ్వడం మామూలు. ఆ మిగులుతో పాటు డబ్బు పెట్టి కొన్న కాల్షియం నైట్రేటు, పొటాషియం బయటికి పోతాయి. నైట్రేటు ఇంకి ఇంకి చివరికి బోరు నీళ్లలో తేలుతుంది. అందుకే ఈ నీళ్లను మళ్లీ వాడాలన్న ఆ రైతు ఆలోచన నూటికి నూరు పాళ్లు సరైనది.

మరి తేడా ఎక్కడొచ్చింది? పొయ్యి మీద పులుసును తలుచుకోండి. మరిగేకొద్దీ ఉప్పెక్కుతుంది. నీళ్లు ఆవిరై పోతాయి, ఉప్పు గిన్నెలోనే ఉంటుంది. మరీ చిక్కబడిందని గ్లాసెడు నీళ్లు పోస్తాం. ఆ నీళ్లే ఉప్పగా ఉంటే? గ్లాసు గ్లాసుకీ కొంచెం ఉప్పు దిగుతుంది, తెచ్చిన నీళ్లు మాత్రం ఆవిరైపోతాయి. పాలీహౌస్‌లో పొయ్యి పని ఆకులు చేస్తాయి. మొక్క తాగిన నీళ్లలో 95 శాతానికి పైగా ఆకుల నుంచి ఆవిరిగా పోతుంది. ఇక గిన్నెలో వేసిన సొరకాయ ముక్కలు కూడా కాస్త ఉప్పు పీల్చుకుంటాయి కదా, పంట పీల్చుకునే సోడియం అలాంటిది. కీలకమంతా ఇక్కడే ఉంది. గ్లాసు తెచ్చే ఉప్పు ముక్కలు పీల్చేదానికన్నా తక్కువైతే, పులుసు ఎన్నాళ్లు మరిగినా ఉప్పెక్కదు. రవ్వంత ఎక్కువైనా సరే ఉప్పెక్కక తప్పదు. కాకపోతే ఈ వారమా, వచ్చే నెలా అన్నదే తేడా.

ఒక లెక్క కట్టి చూద్దాం. బోరు నీళ్లలో లీటరుకు 100 మిల్లీగ్రాముల సోడియం ఉందనుకోండి. కీరా మొక్క తాగే ప్రతి లీటరుతో 20 మిల్లీగ్రాములు లోపలికి తీసుకుందనుకుందాం. అంటే తాగిన లీటరు లీటరుకీ 80 మిల్లీగ్రాములు వెనక మిగులుతాయి. చదరపు మీటరు పంట రోజుకు 3 లీటర్లు తాగితే మిగిలేది 240. అదే చదరపు మీటరుకు బ్యాగుల్లో, పైపుల్లో, తొట్టిలో కలిపి తిరుగుతున్న నీళ్లు 10 లీటర్లైతే, సోడియం రోజుకు లీటరుకు 24 చొప్పున పెరుగుతుంది. కీరాకైనా క్యాప్సికంకైనా హాలండ్‌లో పాటించే హద్దు లీటరుకు సుమారు 140. వంద దగ్గర మొదలైన నీళ్లు రెండో రోజుకే ఆ హద్దు దాటేస్తాయి!

మొక్క సోడియాన్ని ఎందుకు అంత తక్కువగా తీసుకుంటుంది? బడిలో "వేర్లు నీటిని, లవణాలను పీల్చుకుంటాయి" అని ఒక్క వాక్యంలో చెప్పి ముగిస్తాం. పిల్లలు రెండూ కలిసే లోపలికి వస్తాయనుకుంటారు. నిజానికి నీళ్ల దారి వేరు, లవణాల దారి వేరు, లవణానికో ద్వారం. పొటాషియం ద్వారం ఎలా ఉంటుందో ఒక బ్యాక్టీరియాలో మొదటిసారి స్పష్టంగా చూపించినవాడు రోడెరిక్ మెక్‌కినన్. 1998లో చూపించాడు, 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. మొక్కల వేర్లలోని పొటాషియం ద్వారాలదీ ఆ కుటుంబమే. నీటిలో ఉన్న ప్రతి అయాన్ (విద్యుదావేశం ఉన్న పరమాణువు) చుట్టూ నీటి అణువులు అతుక్కుని ఉంటాయి. ద్వారం ఇరుకు, వాటిని వదిలించుకుంటేగానీ లోపలికి పోవడం కుదరదు. వదిలించుకోవడానికి శక్తి కావాలి. ద్వారం గోడల్లో ఆక్సిజన్ పరమాణువులు ఉన్న దూరం పొటాషియానికి, అంటే సుమారు 0.133 నానోమీటర్ల వ్యాసార్ధానికి, సరిగ్గా సరిపోతుంది. నీళ్లు వదులుకున్న నష్టాన్ని ఆ ఆక్సిజన్లు భర్తీ చేస్తాయి. సోడియం వ్యాసార్ధం సుమారు 0.1 నానోమీటరే. ఇంకా చిన్నది కాబట్టి సులువుగా దూరాలి కదా అనిపిస్తుంది. కానీ అంత చిన్న అయాన్‌కు చుట్టూ ఉన్న ఆక్సిజన్లు అందవు, నష్టం పూడదు. అందుకని సోడియం తన నీళ్లను వదలదు, లోపలికి రాదు. పెద్దది దూరే చోట చిన్నది ఆగిపోవడం జీవశాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి.

అయినా ఎంపిక అంతగా లేని వేరే ద్వారాల గుండా కొంత సోడియం జారుతూనే ఉంటుంది. బయట ఎక్కువైనకొద్దీ జారేదీ ఎక్కువవుతుంది. వేర్లు శక్తి ఖర్చుపెట్టి కొంత బయటికి తోస్తాయి, మిగిలింది నీళ్లతో పాటు ఆకు దాకా వెళ్తుంది. అక్కడ నీళ్లు ఆవిరైపోతాయి, సోడియం అంచుల్లో పేరుకుంటుంది. అంచులు ముందు మాడేది అందుకే. ఇలా మాడితే దిష్టి తగిలిందని పాలీహౌస్ గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టేవాళ్లున్నారు. గుమ్మడికాయ వల్ల వచ్చే నష్టమేమీ లేదు. ఆ నమ్మకంతో ఊరుకున్న వారం రోజుల వల్లే నష్టం.

ఇంకో చిక్కు ఈసీ (విద్యుత్ వాహకత) మీటరుతో. ఈసీ నీళ్లలోని లవణాలన్నిటినీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది, ఏది ఎంతో చెప్పదు. మీటరు 2.5 చూపించేలా ఎరువు కలుపుతూ పోతే, తిరిగే నీళ్లలో సోడియం పెరిగినకొద్దీ అదే 2.5లో పొటాషియం, కాల్షియంల వాటా తరుగుతుంది. మీటరు సరిగ్గానే ఉంటుంది, మొక్క మాత్రం పస్తుంటుంది. క్యాప్సికంలో, టమాటాలో కాయ అడుగు నల్లబడి కుళ్లడం కాల్షియం అందకపోవడం వల్ల వచ్చేదే. డ్రెయిన్ నీళ్లు తిప్పేవాళ్లు ల్యాబ్ రిపోర్టులో సోడియం విడిగా రాయమని అడగాలి.

ఇక హాలండ్ సంగతి. అక్కడివాళ్లు గాజు పైకప్పుల మీద పడే వానను పెద్ద చెరువుల్లో పట్టి వాడతారు. వాన నీటిలో సోడియం చాలా తక్కువ, పంట తీసుకునేదానికి లోపే ఉంటుంది. కాబట్టి వాళ్ల పులుసు ఉప్పెక్కదు.

అనంతపురంలో వానెక్కడిది అంటారా? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఎకరం పాలీహౌస్ పైకప్పు నాలుగు వేల చదరపు మీటర్లు. దాని మీద పడేది దాదాపు 22 లక్షల లీటర్లు! గట్టర్ల లీకులూ పొంగిపోయేవీ తీసేస్తే 17, 18 లక్షలు చేతికొస్తాయి. ఎండాకాలం వదిలేసి ఎనిమిది నెలలు పంట పెడితే కావలసింది 29 లక్షలు. అంటే అరవై శాతం పైకప్పే ఇస్తుంది. బోరు నీళ్లతో కలిపితే సోడియం 100 నుంచి సుమారు 40కి దిగుతుంది. ఇందాకటి లెక్కే మళ్లీ కడితే, హద్దు చేరడానికి రెండు రోజులకు బదులు రెండు వారాలకు పైగా పడుతుంది. మట్టిలో పండించేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఆరుబయట పొలంలో వాన పడి ఉప్పును కిందికి కడుగుతుంది. పాలీహౌస్‌లో ఆ వానను మనమే షీటు కప్పి ఆపేశాం, ఆపిన వానను గట్టు దాటించి వాగుకు వదిలేస్తున్నాం.

ఖర్చు ఉంది, కాదనను. వాన ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది కాబట్టి పెద్ద కుంటే కావాలి. అడుగున షీటు పరవాలి, ఎండకు నీళ్లు ఆవిరైపోకుండా పైన షేడ్‌నెట్ కప్పాలి. తిప్పే నీళ్లతో వేరుకుళ్లు పాలీహౌస్ అంతా పాకుతుంది, కాబట్టి నెమ్మదిగా వడకట్టే ఇసుక ఫిల్టరో, యూవీ దీపమో తప్పనిసరి. కొబ్బరి పొట్టు కూడా సోడియం మోసుకొస్తుంది, నాటే ముందే కాల్షియం నైట్రేటు నీళ్లలో నానబెట్టి కడగాలి.

సోడియం హద్దు చేరినప్పుడల్లా, అంటే రెండు వారాలకోసారి, బయటికి వదలాల్సిన ఆ ఉప్పు నీళ్లను ఏం చేయాలి? వాటిలో ఇంకా నత్రజని ఉంది, పొటాషియం ఉంది. పక్కనే చీనీ (బత్తాయి) తోట ఉంటే అటు మళ్లించాలనిపిస్తుంది. ఆ పని మాత్రం చెయ్యకండి. చీనీ, నిమ్మ జాతి చెట్లు ఉప్పుకు బాగా సున్నితం. మట్టి ఈసీ 1.7 దాటగానే నారింజ దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. ఖర్జూరం 4 వరకు ఓర్చుకుంటుంది. అనంతపురం జిల్లాలో ఇప్పుడు ఖర్జూరం తోటలు కూడా ఉన్నాయి. పాలీహౌస్‌కు దిగువన గట్టు వెంట ఒక వరుస ఖర్జూరం నాటుకుంటే, కీరా వద్దన్న నీళ్లు అక్కడ ఎరువుగా పనికొస్తాయి.