యాభై దాటాక ఉద్యోగం పోతే: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో కార్మికుల కేసులు చూసే నా దగ్గరికి యాభై దాటిన ఉద్యోగులు చాలావరకు రాజీనామా మీద సంతకం పెట్టేశాకే వస్తారు. ఉద్యోగం పోవడం కంటే, పోయిన వారం పది రోజుల్లో భయంతోనో నామోషీతోనో తీసుకున్న నిర్ణయాలే వారిని ఎక్కువగా దెబ్బతీశాయని ఆ కాగితాలు చూస్తే అర్థమవుతుంది.

అపోహ: రాజీనామా రాసిస్తేనే గ్రాట్యుటీ చేతికి వస్తుంది.

వాస్తవం: 'వ్యక్తిగత కారణాల వల్ల' అని ముందే టైపు చేసి, తేదీ దగ్గర ఖాళీ వదిలిన కాగితం ముందు పెట్టి, సంతకం చేస్తే రేపే సెటిల్‌మెంటు అంటారు. గ్రాట్యుటీ నిబంధనలు వర్తించే సంస్థలో అయిదేళ్ల సర్వీసు నిండిన ఉద్యోగికి, తానుగా మానేసినా యాజమాన్యం తీసేసినా గ్రాట్యుటీ హక్కుగా వస్తుంది. మూల వేతనం, కరువు భత్యం కలిపి నెలకు 26,000 రూపాయలున్న వ్యక్తికి 20 ఏళ్లకు లెక్కగడితే అది 3 లక్షలు. రాజీనామా వల్ల పోయేది వేరే ఉంది. పని లేదని కార్మికుణ్ణి తొలగిస్తే కనీసం ఒక నెల నోటీసు లేదా ఆ నెల జీతంతో పాటు, ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున నష్టపరిహారం ఇవ్వాలి. అదే 20 ఏళ్లకు 300 రోజుల వేతనం. ఆ ఒక్క సంతకంతో 'నన్ను తీసేశారు' అని అడిగే ఆధారమే బలహీనపడుతుంది. మేనేజరు స్థాయి ఉద్యోగులకు ఈ పరిహారం వర్తించదు. వారు నియామక పత్రంలోని షరతులనే పట్టుకోవాలి.

అపోహ: వయసు మళ్లినవారిని ముందుగా తీసేయడం యాజమాన్యం ఇష్టం.

వాస్తవం: ఒకే కేటగిరీ కార్మికుల్లో చివరగా చేరినవారిని ముందు తొలగించాలన్నది సాధారణ నియమం, దాన్ని తప్పితే కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి. కాబట్టి సీనియారిటీ జాబితా అడగండి.

అపోహ: "ఇగ పనెవడిస్తడు సార్, పీఎఫ్, పెన్షన్ మొత్తం తీసేసుకుంట."

వాస్తవం: ఈ మాట నేను వినని నెల ఉండదు. పెన్షన్ పథకంలో పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లకు జీవితాంతం పెన్షన్ వస్తుంది. 50 నిండాక ముందే తీసుకోవచ్చు గానీ, 58కి తగ్గిన ప్రతి సంవత్సరానికి 4 శాతం కోత పడుతుంది, ఆ కోత తర్వాత తీరేది కాదు. ఎనిమిదేళ్ల సర్వీసుతో 52వ ఏట బయటికి వచ్చిన వ్యక్తి పెన్షన్ వాటా వెనక్కి తీసుకుంటే ఆ సర్వీసు అక్కడితో ముగిసిపోతుంది. అదే, ఆ సర్వీసును లెక్కలో నిలిపి ఉంచే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే, పీఎఫ్ ఉన్న ఏ చిన్న ఉద్యోగంలోనైనా మరో రెండేళ్లు చేసి పదేళ్లు పూర్తి చేసుకోవచ్చు.

అపోహ: కొన్నాళ్లు ఇంట్లో చెప్పకపోవడమే మంచిది.

వాస్తవం: రోజూ టిఫిన్ డబ్బాతో బయలుదేరి భద్రకాళి చెరువు కట్ట మీద సాయంత్రం దాకా కూర్చున్నంత కాలం చిట్టీ వాయిదాలు, పిల్లల ఫీజులు పాత జీతం లెక్కనే నడుస్తాయి, ఆ లోటు వడ్డీ అప్పుతో పూడుతుంది. భార్యకు మొదటి వారంలోనే చెప్పమంటాను.

అపోహ: ఫ్యాక్టరీ మళ్లీ తెరుస్తారు, అప్పటిదాకా ఓపిక పట్టాలి.

వాస్తవం: కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి 2018లో తెరుచుకున్న మాట నిజమే. రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో ఆగింది. అక్కడ మళ్లీ యూరియా తయారైంది 2021లో, అదీ కొత్త సంస్థ కింద, కొత్త ప్లాంటులో. 1999లో యాభై ఏళ్లున్న కార్మికుడికి అప్పటికి 72. మన వరంగల్ ఆజంజాహి మిల్లయితే తెరుచుకోనే లేదు. గేటు కోసం ఎదురుచూస్తున్నా సరే, రావలసిన గ్రాట్యుటీకి దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్న నకలు దగ్గర ఉంచుకోండి. గ్రాట్యుటీ రావలసిన తేదీ నుంచి 30 రోజుల్లో చెల్లించకపోతే యాజమాన్యం దాని మీద వడ్డీ కూడా కట్టాలి.