6 సెంటీమీటర్ల పీత

బ్రెజిల్ మడ అడవుల్లో పీతలు పట్టేవాళ్లు పోటునీరు దిగాక బురదలో బోర్లా పడుకుంటారు. బొరియలోకి భుజం దాకా చెయ్యి దూర్చి, ‘ఉసా’ అనే పెద్ద పీతను ఒడిసి పట్టి లాగుతారు. దాని పెంకు 6 సెంటీమీటర్ల వెడల్పు లేకపోతే వదిలెయ్యాలి. జతకట్టే రోజుల్లో పీతలు బొరియలు విడిచి గుంపులుగా తిరుగుతాయి. ఏరుకుంటే చాలు, బుట్ట నిండుతుంది. సరిగ్గా అప్పుడే వేట నిషేధం! ఈ పీత ఎదగడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఈ నియమాలు తెలివైనవే.

కానీ అవన్నీ పీతల సంఖ్య కోసం పెట్టినవి, పీత తినడానికి పనికొస్తుందో లేదో చెప్పడానికి కాదు.

2015 నవంబర్ 5న బ్రెజిల్‌లోనే మరియానా పట్టణం దగ్గర ఫుందావ్ కట్ట తెగింది. దాని వెనక ఉన్నది ఇనుప ఖనిజం శుద్ధి చేశాక మిగిలిన బురద. 19 మంది చనిపోయారు. ఆ బురద రియో డోసి వెంట 600 కిలోమీటర్లకు పైగా పారి, రెండు వారాల తర్వాత సముద్రం చేరింది. ఆ నది పేరుకు ‘తియ్యటి నది’ అని అర్థం. 2016లో నదీముఖం దగ్గర కోర్టు చేపలవేటను ఆపించింది.

నీళ్లు తేరుకుంటే పీడ వదిలినట్టేనా? అసలు కథ తీరపు మడ అడవుల్లో, అడుగున చేరిన బురదలో ఉంది. ఆ బురదలోని తుప్పులాంటి ఇనుప రేణువులు సీసం, క్రోమియం వంటి లోహాలను ఒంటికి అంటించుకుని ఉంటాయి. గాలి తగిలినంతకాలం ఆ పట్టు సడలదు. మడ బురదలో పైపొర దాటితే ప్రాణవాయువు దాదాపు ఉండదు. మడచెట్లు శ్వాసవేర్లను పైకి లేపేది అందుకే, కోరింగ చూసినవాళ్లకు తెలుసు. అలాంటి చోట కొన్ని బాక్టీరియాలు ప్రాణవాయువుకు బదులు ఇనుమునే వాడుకుని బతుకుతాయి. తుప్పు కరుగుతుంది, అంటుకున్న లోహాలు నీటిలోకి జారుతాయి. గంధకం వాటిలో కొన్నిటిని మళ్లీ సల్ఫైడ్లుగా కట్టిపడేస్తుంది. ఇంతలో పీత బొరియ తవ్వి గాలి లోపలికి పంపితే ఆ కట్టూ వదులవుతుంది. రాలిన ఆకులతోపాటు బురదనూ మింగేది ఆ పీతే.

వేట ఆగిన చోట పీతలు పెరగొచ్చు. అంతమాత్రాన అవి తినడానికి పనికొస్తాయని కాదు. 6 సెంటీమీటర్ల కొలబద్ద పక్కన ప్రయోగశాల కూడా ఉండాలి. పీత కండనూ, లోహాలు ఎక్కువగా పేరుకునే జీర్ణగ్రంథినీ విడివిడిగా పరీక్షించాలి. నమూనాలు ఎక్కడ తీయాలో పీతలు పట్టేవాళ్లనే అడగడం మేలు, ఏ బొరియ దేనిదో వాళ్లకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఒక్కసారి చేసి ఊరుకుంటే కుదరదు. వరద వచ్చినప్పుడల్లా నది అడుగున పేరుకున్న బురద మళ్లీ లేచి కిందికి వస్తుంది.