చమురు శుద్ధి నుంచి మందుల తయారీ దాకా: ప్రతిబింబ అణువులను విడదీసే పద్ధతి నేపథ్యం

ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లా ఉండే రెండు రూపాల్లో లభించే ఔషధ అణువులు చాలా ఉన్నాయి. ఈ రెండు రూపాల ద్రవీభవన స్థానమూ, సాధారణ ద్రావణుల్లో కరిగే గుణమూ ఒకటే. శరీరంలోని ఎంజైములు, గ్రాహకాలు మాత్రం వాటిని వేర్వేరుగా గుర్తిస్తాయి కాబట్టి, ఒక రూపం జబ్బు మీద పనిచేస్తుంటే రెండోది ప్రయోజనం లేకుండా, కొన్నిసార్లు హాని చేస్తూ, అదే మాత్రలో సగభాగంగా ఉండిపోతుంది. వీటిని పెద్ద ఎత్తున విడదీయగల నిరంతర క్రొమటోగ్రఫీకి (మిశ్రమాన్ని ఒక ఘనపదార్థం మీదుగా పంపి, దానికి అంటుకోవడంలోని తేడాతో ఆగకుండా విడదీసే పద్ధతికి) 1961లోనే పేటెంట్ వచ్చినా, మందుల పరిశ్రమకు అది అందడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

విడదీసే ప్రయత్నం అంతకంటే చాలా పాతది. 1848లో పారిస్‌లో లూయీ పాశ్చర్ సోడియం అమ్మోనియం టార్టరేట్ స్ఫటికాలను పట్టకారుతో ఒక్కొక్కటిగా ఏరి రెండు కుప్పలు చేశాడు. ఒక కుప్పను కరిగించిన ద్రావణం ధ్రువిత కాంతిని (ఒకే తలంలో కంపించే కాంతిని) కుడివైపుకు తిప్పింది, రెండోది ఎడమవైపుకు తిప్పింది. ఆ లవణం సుమారు 27 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలోనే అలా వేర్వేరు స్ఫటికాలుగా ఏర్పడుతుంది. అలాంటి పదార్థాలు అరుదు. 1853లో పాశ్చరే చూపిన మరో దారి, అంటే ప్రకృతిలో దొరికే ఏకరూప క్షారంతో (ఒకే ప్రతిబింబ రూపంలో ఉండే క్షారంతో) లవణం చేసి స్ఫటికీకరించడం, నేటికీ పరిశ్రమకు పెద్ద ఆధారం. హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ యూనిట్లకూ ఇది పరిచితమే. కాకపోతే అణువులో ఆమ్ల గుణమో క్షార గుణమో ఉండాలి, దానికి కుదిరే జోడీని వెతికి పట్టుకోవాలి.

నిరంతర క్రొమటోగ్రఫీ పుట్టింది మాత్రం చమురు రంగంలో. పారాజైలీన్ 138 డిగ్రీల దగ్గర, మెటాజైలీన్ 139 డిగ్రీల దగ్గర మరుగుతాయి కాబట్టి స్వేదనంతో వాటిని వేరు చేయడం దాదాపు అసాధ్యం. అమెరికాలోని యూనివర్సల్ ఆయిల్ ప్రొడక్ట్స్ సంస్థలో డొనాల్డ్ బ్రాటన్ బృందం ఇలాంటి మిశ్రమాలను అధిశోషకం (అణువులను తన ఉపరితలానికి అంటించుకునే ఘనపదార్థం) మీదుగా పంపి విడదీసింది. ద్రవానికి ఎదురుగా అధిశోషకం కూడా కదిలితే విభజన ఆగకుండా సాగుతుంది. కానీ ఘనపదార్థాన్ని కదిలిస్తే అది నలిగి పొడి అవుతుంది, ప్రవాహమూ చెదిరిపోతుంది. అందుకని వాళ్లు అధిశోషకాన్ని కాలమ్‌లలో (నిలువు గొట్టాల్లో) కదలకుండా ఉంచి, మిశ్రమాన్ని పంపే చోటునూ, ఉత్పత్తులను తీసే చోట్లనూ వాల్వుల సాయంతో నిర్ణీత వ్యవధిలో ప్రవాహ దిశలో ముందుకు జరిపారు. దాంతో అధిశోషకమే వెనక్కి కదిలినట్టు అవుతుంది. వెనక్కి నడిచే బెల్టు మీద ఇద్దరు ముందుకు నడుస్తుంటే వేగంగా నడిచేవాడు ముందుకు చేరి, నెమ్మదైనవాడు వెనక్కి పోయినట్టు, అధిశోషకానికి తక్కువగా అంటుకునే అణువు ఒక వైపు నుంచి, ఎక్కువగా అంటుకునేది మరో వైపు నుంచి బయటికొస్తాయి.

మందుల రంగంలో మొదట లోపించింది ఈ రెండు రూపాలకూ తేడా గుర్తించగల అధిశోషకం. 1973లో సెల్యులోజ్ ట్రైఎసిటేట్‌తో ఆ దారి తెరుచుకుంది. 1980లలో జపాన్ శాస్త్రవేత్త యోషియో ఒకమోతో సెల్యులోజ్, అమైలోజ్ ఉత్పన్నాలను సిలికా మీద పూతగా వేసి దాన్ని విస్తృతంగా వాడదగినదిగా చేశారు. నియంత్రణ ఒత్తిడి ఇంకా ఆలస్యంగా వచ్చింది. దానికి మూలంగా, గర్భిణులు వాడిన మందు వల్ల పిల్లలు అవయవ లోపాలతో పుట్టిన థాలిడొమైడ్ విషాదాన్ని చెబుతుంటారు. అయితే ఆ మందు రూపాలు శరీరంలో ఒకదానిలోంచి మరొకదానికి మారిపోతాయి కనుక, విడదీసి ఇచ్చినా ఆ పిల్లలకు రక్షణ దొరికేది కాదని స్పష్టంగా చెప్పుకోవాలి. 1992లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ప్రతి రూపాన్నీ విడిగా పరిశీలించాలని కంపెనీలకు సూచించింది. మిశ్రమాలను అది నిషేధించలేదు. ఆ ఏడాదే జపాన్‌లోని డైసెల్ సంస్థకు చెందిన నెగావా, షోజీ ఈ పద్ధతితో ప్రతిబింబ రూపాలను విడదీసిన ఫలితాలు ప్రచురించారు. ఆ దశాబ్దంలోనే మొర్బిడెల్లి, మజ్జొట్టి తదితరులు ఏ ప్రవాహ వేగాల్లో రెండూ శుద్ధంగా వస్తాయో ముందే లెక్కకట్టే త్రిభుజ సిద్ధాంతాన్ని అభివృద్ధి చేశారు.

ఆ తర్వాత అడుగులు వేగంగా పడ్డాయి. యూసీబీ సంస్థ మూర్ఛకు వాడే లెవెటిరాసెటమ్ తయారీలో, లుండ్‌బెక్ సంస్థ కుంగుబాటుకు ఇచ్చే ఎసిటాలోప్రామ్ తయారీలో ఈ పద్ధతిని ప్రవేశపెట్టాయి. అయితే అధిశోషకం ఎంతో ఖరీదైనది, ద్రావణిని ఆవిరి చేసి తిరిగి పట్టుకోవాలి, పైగా అక్కరలేని సగం చేతిలో మిగిలిపోతుంది. కుంగుబాటుకే ఇచ్చే మరో మందు సెర్ట్రలైన్ విషయంలో ఫైజర్ ఆ చిక్కును చక్కగా తీర్చింది: తయారీ మధ్యదశలోని టెట్రాలోన్‌ను విడదీసి, పనికిరాని రూపాన్ని క్షారంతో మళ్లీ మిశ్రమంగా మార్చి యంత్రంలోకే పంపింది. ఇలా తిరిగి మార్చే వీలున్న అణువులకు ఈ పద్ధతి లాభసాటిగా ఉంటుందని, ఆ వీలులేని చోట చౌకైన స్ఫటికీకరణో, మొదటినుంచే ఒకే రూపాన్నిచ్చే సంశ్లేషణో దాన్ని పక్కకు నెడుతుందని నా అభిప్రాయం.