హిప్‌హాప్ ఎవరిది? తగాదా మొదలైంది 1973లో కాదు, 1979లో

రికార్డులు తిప్పే డీజే, మైకులో ప్రాసతో మాటలు చెప్పే రాప్, నేల మీద గిర్రున తిరిగే బ్రేకింగ్ డ్యాన్స్, ఇవన్నీ కలిసిన హిప్‌హాప్ పుట్టుక ఎవరి ఖాతాలో వేయాలన్న గొడవ సోషల్ మీడియాలో మళ్లీ రాజుకుంది. నల్లజాతి అమెరికన్లు పుట్టించారని ఒక వర్గం. విత్తనం జమైకా నుంచి వచ్చిందని ఇంకో వర్గం. మొదట్నుంచీ మేమూ ఉన్నాం, మమ్మల్ని కావాలనే పక్కకు నెట్టారని న్యూయార్క్ ప్యూర్టోరికన్లు. 2023లో యాభై ఏళ్ల పండగ చేసుకున్నప్పుడూ ఇదే రగడ. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రేకింగ్ పెట్టినప్పుడూ ఇదే.

1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూలో డీజే కూల్ హెర్క్, అతని చెల్లెలు సిండీ కలిసి పెట్టిన పార్టీ గురించి చదవనివాళ్లు తక్కువే, కాబట్టి అక్కడ ఆగను. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే ఆరేళ్లు ముందుకు రావాలి. 1979 సెప్టెంబర్‌లో న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ నుంచి షుగర్ హిల్ అనే కొత్త రికార్డు కంపెనీ ‘రాపర్స్ డిలైట్’ రికార్డు విడుదల చేసింది. తొలి రాప్ రికార్డు అదే అని చాలామంది రాస్తారు గానీ, దానికి కాస్త ముందే ఫ్యాట్‌బ్యాక్ బ్యాండ్ ఒకటి తెచ్చింది. అది అంతగా ఆడలేదు. ఇది అమెరికా టాప్ 40లోకి ఎక్కింది, దేశాలు దాటింది. దాంతో బ్రాంక్స్ బయటి జనానికి హిప్‌హాప్ అంటే రాప్ అయిపోయింది, రాప్ అంటే మైకు పట్టుకున్నవాడి గొంతు అయిపోయింది.

అంతకుముందు అలా ఉండేది కాదు. పార్కులో వీధి దీపం స్తంభం నుంచి కరెంటు లాగి, రికార్డులు తిప్పే టర్న్‌టేబుళ్లు రెండు, మనిషెత్తు స్పీకర్లు పెట్టేవాళ్లు. జనం వచ్చేది డీజే కోసం. పాటలో గాయకుడు ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే మోగే కొన్ని సెకన్ల ముక్కని బ్రేక్ అనేవాళ్లు. కుర్రాళ్లు ఆగి ఆగి ఆ ముక్కకే డ్యాన్స్ చేస్తున్నారని హెర్క్ గమనించాడు. ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టుకుని, ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే రెండోదాంట్లో ఎత్తుకోవడం మొదలుపెట్టాడు. బార్బడోస్‌లో పుట్టి బ్రాంక్స్‌లో పెరిగిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ దీన్ని ఇంకా పదును పెట్టాడు. బ్రేక్ ఎక్కడ మొదలవుతుందో రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీసుకుని, ఆ గీత ఎన్ని చుట్లు తిరిగిందో చూసి వెనక్కి తిప్పేవాడు. మైకు దగ్గరున్నవాడి పని డీజేని పొగడటం, జనంలో ఊపు తగ్గకుండా చూడటం. బృందాల పేర్లు చూసినా సంగతి తెలుస్తుంది: గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్. ముందు డీజే పేరు, తర్వాత మాటలవాళ్లు.

షుగర్ హిల్ యజమానురాలు సిల్వియా రాబిన్సన్ స్వయంగా గాయని, 1973లో సొంత హిట్ ఉన్న మనిషి. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఒక క్లబ్బులో జనం ఊగిపోవడం చూసి, దీన్ని రికార్డు చేస్తే అమ్ముడుపోతుందని పట్టేసింది. పేరున్న బ్రాంక్స్ బృందాలతో కాకుండా ముగ్గురు కొత్త కుర్రాళ్లతో పని కానిచ్చింది. డీజే అవసరం ఆమెకు కనిపించలేదు. ‘షీక్’ బృందం అప్పుడే హిట్ చేసిన ‘గుడ్ టైమ్స్’ బాణీని స్టూడియో బ్యాండ్‌తో దాదాపు పదిహేను నిమిషాలు వాయించి, దాని మీద ముగ్గురి చేతా మాటలు చెప్పించింది. రెండు చేతులు, రెండు టర్న్‌టేబుళ్లు చేసే పనిని జీతగాళ్ల బ్యాండ్ చేసేసింది. అంటే హిప్‌హాప్‌ని ప్రపంచానికి పరిచయం చేసిన రికార్డులో డీజే లేడు.

ముగ్గురిలో బిగ్ బ్యాంక్ హ్యాంక్ అప్పట్లో ఎంగిల్‌వుడ్‌లో పిజ్జా కొట్టులో పని చేసేవాడు. బ్రాంక్స్‌లో గొప్ప ఎంసీగా, అంటే మైకు మీద మాటలు చెప్పేవాడిగా పేరున్న గ్రాండ్‌మాస్టర్ కాజ్ టేపులు పెట్టుకుని, వాటితో పాటు గొంతు కలుపుతూ పిండి కలిపేవాడు. అవకాశం రాగానే కాజ్ దగ్గరికి వెళ్లి మాటలు అడిగాడు. నోటుబుక్ ముందు పడేసి నీకు కావాల్సింది తీసుకో అన్నానని కాజ్ ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఏదో ఒకటి తిరిగొస్తుందన్న నమ్మకం. హ్యాంక్ ఎంత యథాతథంగా దించేశాడంటే, కాజ్ తన పాత పేరు కాసనోవాని అక్షరం అక్షరం చెప్పుకున్న చరణాన్ని కూడా అలాగే చదివేశాడు. రికార్డులో ఒకతను వేరొకడి పేరుతో తనని తాను పరిచయం చేసుకుంటున్నాడు, కోట్ల మంది విన్నారు, బ్రాంక్స్ బయట దాదాపు ఎవరికీ తెలియలేదు. మన సినిమా పాటల లోకంలో ఘోస్ట్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు గానీ, ఘోస్ట్ పేరు పాటలోనే వినిపించిన సందర్భం మాత్రం ఇదొక్కటే అయ్యుంటుంది.

ఇదే రికార్డు మీద షీక్ బృందం నైల్ రోడ్జర్స్ కూడా గొడవకు దిగాడు. తన బాణీని ఒక క్లబ్బులో విని, కేసు వేస్తానన్నాడు. అతనికీ బెర్నార్డ్ ఎడ్వర్డ్స్‌కీ రచయితలుగా పేరు, రాయల్టీ రెండూ వచ్చాయి. వాళ్లకు పబ్లిషింగ్ హక్కులున్నాయి, లాయర్లున్నారు. కాజ్ దగ్గరున్నది నోటుబుక్ ఒక్కటే.

సిల్వియా తరఫువాళ్ల మాట: ఆమె సాహసం చేయకపోతే ఈ సంగీతం బ్రాంక్స్ వీధుల్లోనే మిగిలిపోయేది. కాదనలేం.

కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. 1982లో అదే కంపెనీ ‘ద మెసేజ్’ విడుదల చేసింది. కవర్ మీద గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ పేరుంది. రికార్డులో అతని చెయ్యి ఎక్కడా లేదు, వినిపించేది మెలీ మెల్, డ్యూక్ బూటీ గొంతులు. 1983లో ‘ఫ్లాష్‌డ్యాన్స్’ సినిమా చివరి ఆడిషన్‌లో హీరోయిన్ వీపు మీద గిర్రున తిరుగుతుంది కదా, అది హీరోయిన్ కాదు. విగ్గు పెట్టుకుని డూప్‌గా చేసింది బ్రాంక్స్‌కు చెందిన ప్యూర్టోరికన్ కుర్రాడు క్రేజీ లెగ్స్, రాక్ స్టెడీ క్రూ అనే బ్రేకింగ్ బృందం సభ్యుడు. 1970ల చివరికి నల్లజాతి కుర్రాళ్లలో చాలామంది పాతబడిందని బ్రేకింగ్ వదిలేస్తుంటే పట్టుకుని నిలబెట్టింది ఇలాంటివాళ్లే. రికార్డు మీద అడుగుల చప్పుడు వినపడదు. ప్యూర్టోరికన్ల ఫిర్యాదులో న్యాయం ఉందని నేను అనుకునేది అందుకే. కాజ్ ఉన్న కోల్డ్ క్రష్ బ్రదర్స్‌కు డీజే చార్లీ చేజ్ ప్యూర్టోరికనే. నల్లవాళ్ల సంగీతం నీకెందుకని అడిగినవాళ్లు ఉన్నారని, తను మాత్రం మధ్యమధ్యలో లాటిన్ బిట్లు దూర్చేవాణ్ణని అతనే చెప్పుకున్నాడు. ఆ పార్టీలకు వెళ్లినవాళ్లకు, క్యాసెట్లు చేతులు మార్చుకున్నవాళ్లకు అతను తెలుసు. షాపులో రికార్డు కొన్నవాళ్లకు తెలియదు.

జమైకా వాదన ఇంకాస్త చిక్కు. హెర్క్ పుట్టింది జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో, 1967లో న్యూయార్క్ వచ్చాడు. పోటీ డీజేలు తన పాటలు కనిపెట్టకుండా రికార్డుల మీది లేబుళ్లు నీళ్లలో నానబెట్టి పీకేసేవాడు. అది తండ్రి ఇచ్చిన సలహా. కింగ్‌స్టన్‌లో వీధి పార్టీలకు పెద్ద స్పీకర్లతో రికార్డులు వేసే సౌండ్ సిస్టమ్‌ల యజమానులు ఎప్పట్నుంచో చేస్తున్నదీ అదే. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అనిపిస్తుంది. అయితే 1980లలో అడిగినప్పుడు హెర్కే ఆ సంబంధాన్ని కొట్టిపారేశాడు. బ్రాంక్స్‌లో జమైకా సంగీతం రెగె పెడితే ఎవరూ ఆడేవారు కాదని, రాప్‌కు స్ఫూర్తి నల్లజాతి అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ అని, 1973 నాటి ‘హస్లర్స్ కన్వెన్షన్’ ఆల్బమ్ అని అన్నాడు. తర్వాతి రోజుల్లో చిన్నప్పుడు చూసిన సౌండ్ సిస్టమ్‌ల గురించి ఇష్టంగా చెప్పాడు. ఇప్పుడు రెండు వర్గాలూ హెర్క్‌నే సాక్షిగా పిలుస్తున్నాయి. పైగా, మైకులో మాటలు చెప్పడం మొదలుపెట్టిన కౌంట్ మచూకీ లాంటి జమైకా డీజేలకు ఆ ఊపు వచ్చింది అమెరికా నల్లజాతి రేడియో జాకీల నుంచి. అక్కడి నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి అక్కడికి.

గొంతునే కొలమానం చేసుకుంటే నల్లజాతి అమెరికన్ల వాదనకు తిరుగులేదు. రేడియో జాకీలు, వీధి కుర్రాళ్ల ప్రాస తిట్లు, హార్లెమ్ క్లబ్బుల్లో డీజే హాలీవుడ్, అన్నీ వాళ్లవే. చిక్కల్లా ఆ కొలమానాన్ని మనకిచ్చింది బ్రాంక్స్ కాదు, ఎంగిల్‌వుడ్ కంపెనీ. చేతుల పని, కాళ్ల పని లెక్కలోకి తెస్తే బార్బడోస్, కింగ్‌స్టన్, ప్యూర్టోరికో పిల్లలు వరసగా వచ్చి నిలబడతారు.

రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సిల్వియా రాబిన్సన్‌కు 2022లో, హెర్క్‌కు 2023లో చోటిచ్చింది. రికార్డు తీసిన ఆమె ఏడాది ముందు, అంతకు ఆరేళ్ల ముందే పార్టీ మొదలుపెట్టిన అతను ఏడాది తర్వాత, అదీ ‘సంగీత ప్రభావం’ విభాగంలో. బ్రేకింగ్‌ని 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు తీసుకోలేదు. రోడ్జర్స్, ఎడ్వర్డ్స్ పేర్లు పడ్డ ఆ రికార్డు రచయితల వరసలో కాజ్ పేరు ఎన్నడూ చేరలేదు.