ట్యాంకు నిండా పెట్రోలున్నా జనరేటర్ ఎందుకు స్టార్టవలేదు?

చిన్నారులందరికీ విశాఖపట్నం నుంచి తాతయ్య ఆశీస్సులు.

మొన్నటి గాలివానకు మా సందంతా కరెంటు పోయింది. కింద వాటావాళ్ళు ఎప్పుడో మూల పడేసిన చిన్న జనరేటర్ బయటికి తీశారు. ఒకరి తర్వాత ఒకరు తాడు లాగుతున్నారు. అది గుర్రుమంటోందే తప్ప స్టార్టవడం లేదు. ఆ సందడిలో ఏడో క్లాసు చదివే పక్కింటి పాప నా దగ్గరికొచ్చి అడిగింది: "తాతయ్యా, నేను మూత తీసి చూశాను, ట్యాంకు నిండా పెట్రోలుంది. మరి ఎందుకు స్టార్టవదు?"

నాకు భలే సంతోషమేసింది. పెద్దవాళ్ళంతా తాడు లాగుతుంటే మూత తీసి చూసింది ఆ పిల్ల ఒక్కతే. ఆ ప్రశ్నకే ఈ ఉత్తరం.

ట్యాంకులో పెట్రోలు ఉండటం వేరు, అది ఇంజన్‌కి అందటం వేరు. మీ ఇంట్లో నీళ్ళ సంగతి చూడండి. మేడ మీద ట్యాంకు నిండుగా ఉంది. అయినా స్నానాల గదిలో షవర్ తిప్పితే చుక్క రాలేదు. అమ్మ ఏం చేస్తుంది? షవర్ని కొట్టదు కదా! మేడ మీద వాల్వు ఎవరైనా కట్టేశారేమో చూడమంటుంది. పైపులో గాలి పట్టిందేమో అంటుంది. చివరికి షవర్ విప్పి చూస్తే, బోరు నీళ్ళ తెల్లటి ఉప్పు పేరుకుని చిల్లులన్నీ పూడిపోయి ఉంటాయి. జనరేటర్ లోపల కూడా ఇలాంటి ఇల్లే ఉంది. పైన పెట్రోల్ ట్యాంకు, దాని కింద కట్టే విప్పే కాక్, సన్నటి రబ్బరు పైపు, మధ్యలో ఫిల్టర్. ఆ పైపు కార్బురేటర్ దగ్గరికి వస్తుంది, పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కి పంపేది అదే. అక్కడ చిన్న గిన్నె. మీ ఇంటి ఫ్లష్ ట్యాంకులో తేలే బంతిలాగే ఇందులోనూ ఒక ఫ్లోట్ తేలుతూ ఉంటుంది. గిన్నె నిండితే దారి మూస్తుంది, తగ్గితే తెరుస్తుంది. ఆ గిన్నెలో నిలబడి ఉంటుంది జెట్టు. అదే మన షవర్. కాకపోతే దానికి ఒక్కటే చిల్లు, అదీ మిల్లీమీటరు కన్నా సన్నం.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? పై నుంచా, కింది నుంచా? ఇది నాకు చిన్నప్పుడే తెలిసింది.

మా నాన్నగారికి స్కూటర్ ఉండేది. చలికాలం పొద్దున్నే మొండికేసేది. అప్పట్లో స్కూటర్ ఉన్న ఇళ్ళన్నిటా ఒకటే దృశ్యం: బండిని ఒక పక్కకి బాగా వంచడం, కాసేపు ఆగడం, మళ్ళీ కిక్కు కొట్టడం. ట్యాంకు అడుగున మిగిలిన కాస్త పెట్రోలూ పైపు వైపు జారాలని అలా వంచేవారు. అదీ పనిచేయకపోతే తోసుకుంటూ పూర్ణా మార్కెట్ దగ్గర మెకానిక్ దగ్గరికి వెళ్ళేవాళ్ళం. ఆయన్ని పిల్లలమంతా మావయ్య అనేవాళ్ళం. మావయ్య కిక్కు ముట్టుకునేవాడు కాదు. ముందు ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పి అరచేతిలో పెట్టుకుని, ముక్కు దగ్గరికి తెచ్చి వాసన చూసేవాడు. తర్వాత నా చేతికిచ్చి, "తడిగున్నాదా, పొడిగున్నాదా సూడు బాబూ" అనేవాడు. నల్లగా మసి పట్టిన ఆ పింగాణీ ముక్క మొన మీద వేలు పెడితే ఒక్కోసారి చల్లగా పెట్రోలు తగిలేది, ఒక్కోసారి ఒట్టి మసి అంటేది. నేను చెప్పిన జవాబును బట్టి ఆయన ఏ పానా అందుకోవాలో తేల్చుకునేవాడు. అంత పెద్ద మనిషి నన్ను అడిగి పని మొదలుపెట్టేవాడని నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

మావయ్య అడిగిన ఆ ప్రశ్నే ఇవాళ మీకు అప్పజెబుతున్నాను. చోక్ వేసి, అంటే గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ అందేలా చేసి, నాలుగైదుసార్లు తాడు లాగాక ప్లగ్గు పొడిగా ఉందంటే పెట్రోలు లోపలికి రావడం లేదని అర్థం. తడిగా ఉంటే వస్తోంది, కానీ అంటుకోవడం లేదు. రెండూ వేరు వేరు జబ్బులు. ఇది తేల్చుకోకుండా తాడు లాగితే భుజం నొప్పి తప్ప ఏమీ మిగలదు. కోపంతో లాగి తాడు తెంపుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. యంత్రానికి మన కోపం తెలియదు నాన్నా. దాన్ని ఓపిగ్గా, వరసగా అడగాలి.

ప్లగ్గు పొడిగా ఉంటే ట్యాంకు నుంచి కిందికి నడుచుకుంటూ రండి. కాక్ విప్పి ఉందా? నవ్వకండి, చాలా ఇళ్ళలో గొడవ ఇక్కడే తీరిపోతుంది. తర్వాత ట్యాంకు మూత. దానికి గాలి పోయే సన్నటి దారి ఉంటుంది. పెట్రోలు కిందికి దిగాలంటే ఆ ఖాళీలోకి పై నుంచి గాలి రావాలి. దుమ్ముతో ఆ దారి మూసుకుపోతే ఇంజన్ కాసేపు నడిచి ఆగిపోతుంది. మూత వదులు చేయగానే మళ్ళీ నడిస్తే దొంగ దొరికినట్టే. ఆ తర్వాత ఫిల్టర్. చివరికి గిన్నె అడుగున ఉండే చిన్న స్క్రూ. దాన్ని వదులు చేసి కింద గాజు సీసా పట్టాలి. పెట్రోలు ధారగా దిగితే గిన్నె దాకా దారి బాగున్నట్టే. ఇక మిగిలింది జెట్టు చిల్లు.

ఆ సీసాని వెలుతురులో పెట్టి చూడమంటాను. కొత్త పెట్రోలు తేటగా, ఘాటుగా ఉంటుంది. పాతది రంగు ముదిరి, పులిసిన వాసన వేస్తుంది. పెట్రోలు ఒకే పదార్థం కాదు, తేలికవీ బరువువీ చాలా కలిసిన ద్రవం. మన ఊళ్ళో మల్కాపురం వైపు 1957 నుంచి పనిచేస్తున్న రిఫైనరీ ఉంది కదా, అక్కడ ముడిచమురును కాచి ఇలాంటివన్నీ విడదీస్తారు. నిలవ ఉంచితే తేలికవి ముందుగా ఆవిరైపోతాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మొదట అంటుకోవాల్సినవి అవే! మిగిలింది నెమ్మదిగా చిక్కబడి, జిగురై, జెట్టు చిల్లుకు అడ్డం పడుతుంది. ఎండాకాలంలో ఇంకా తొందరగా పాడవుతుంది. అలా జిగురు పట్టిన జెట్టును విప్పి, కార్బురేటర్ క్లీనర్ కొట్టి, గాలితో ఊదాలి. మందపాటి తీగ పెట్టి గెలకకూడదు, చిల్లు పెద్దదైతే లెక్కంతా తప్పుతుంది.

సీసా అడుగున ఇంకోటి కూడా కనిపించవచ్చు. తేటగా, వేరే పొరలా నిలిచిన నీళ్ళు. పెట్రోలు నీళ్ళకన్నా తేలిక కాబట్టి పైన తేలుతుంది, నీళ్ళు అడుక్కి చేరతాయి. కార్బురేటర్ పీల్చుకునేది అడుగు నుంచే. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. చెరకు నుంచీ ధాన్యాల నుంచీ తీసే ఈ ఇథనాల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. మనదేమో సముద్రపు ఒడ్డు, అప్పడం డబ్బా మూత తీసి పెడితే సాయంత్రానికి మెత్తబడే ఊరు. ఇక్కడ పెట్రోలును నెలల తరబడి నిలవ ఉంచకూడదు.

ఇక ప్లగ్గు తడిసి ముద్దయితే? ఎవరో కుళాయి కట్టడం మరిచిపోయి గదంతా నీళ్ళయినట్టే. చోక్ తీయకుండా పదేపదే లాగితే ఇలా అవుతుంది. చోక్ తీసేసి, ప్లగ్గు తుడిచి ఆరబెట్టి, కాసేపు ఊరుకుంటే చాలు. అప్పటికీ కదలకపోతే తప్పు పెట్రోలుది కాకపోవచ్చు, నిప్పురవ్వ సంగతి చూడాలి. దానికి ఇంకో ఉత్తరం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడినప్పుడు మీలో చాలామంది పుట్టి ఉండరు. స్తంభాలూ చెట్లూ కూలి రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు నడవక మేడ మీద ట్యాంకులన్నీ ఎండిపోయాయి. మా వీధిలో ఉన్న జనరేటర్లలో సగం అప్పుడే మొరాయించాయి, ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోలేదు మరి. అవసరం తీరాక కాక్ కట్టేసి, గిన్నెలో ఉన్నది అయిపోయి దానంతటదే ఆగేదాకా నడపండి. ట్యాంకులో మిగిలింది తీసేయండి. మళ్ళీ వాడేటప్పుడు కొత్త పెట్రోలు పోస్తే ఈ బాధే ఉండదు.

ఇవన్నీ పెద్దవాళ్ళ పక్కన నిలబడి చూడాల్సినవి. ఇంజన్ చల్లబడ్డాకే ముట్టుకోవాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతూ దూరంగా ఉన్న మంటను కూడా అందుకుంటుంది. దేవుడి దగ్గర దీపం వెలుగుతుంటే ఆ ఛాయల్లో ఈ పని వద్దు. జనరేటర్ని ఇంట్లోనూ, తలుపులు మూసిన వరండాలోనూ నడపనివ్వకండి. దాని పొగలో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ ఒక్క మాట మీ అమ్మానాన్నలకు తప్పకుండా చదివి వినిపించండి.

ఒక్కటి మాత్రం నేను వివరించలేదు. నీళ్ళు ట్యాంకు నుంచి కిందికి పడతాయి. జెట్టులో పెట్రోలు మాత్రం గిన్నె నుంచి పైకి ఎక్కుతుంది! మోటారు లేదు, పంపు లేదు. మరి ఎవరు ఎక్కిస్తున్నారు? ఇన్నేళ్ళయినా నాకది అబ్బురంగానే ఉంటుంది. మీరే చూడండి. ఒక గ్లాసు నిండా నీళ్ళు పోసి, స్ట్రా ముక్కను నిలువుగా పెట్టండి. దాని పై కొన నీటికి ఒక వేలు వెడల్పు ఎత్తులో ఉండాలి. ఇంకో స్ట్రాను అడ్డంగా పట్టుకుని, ఆ కొన మీదుగా గాలి దూసుకుపోయేలా గట్టిగా ఊదండి. ఎదురుగా ఎవరి పుస్తకాలూ లేకుండా చూసుకోండి. తర్వాత గ్లాసులో నీళ్ళు కొంచెం తగ్గించి మళ్ళీ ఊదండి. గిన్నెలో పెట్రోలును ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంచడానికి ఆ ఫ్లోట్ ఎందుకంత కష్టపడుతుందో మీరే నాకు రాయండి.

మీ తాతయ్య