కిటికీ రెక్క మీది నల్ల పొడి

జ్ఞానాపురం, విశాఖపట్నం

చిన్నీ, బాబీ,

మొన్న సెలవుల్లో డాబా మీద ఆడి అరికాళ్లు నల్లగా చేసుకుని, "తాతయ్యా, మా మధురవాడలో ఇలా ఉండదే!" అన్నారు. నవ్వి ఊరుకున్నాను. పొద్దున అమ్మమ్మ తుడిచిన కిటికీ రెక్క మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. తెల్లచొక్కాలు డాబా మీద ఆరేయడం ఎప్పుడో మానేశాం.

మన ఊరు గిన్నెలాంటిది. అటు కైలాసగిరి, ఇటు యారాడ కొండ, మధ్యలో ఫ్యాక్టరీలు, లారీలు, మనం. లేచిన ధూళి తొందరగా బయటికి పోదు. ఈ పొడి వల్లే ఇక్కడ ఇళ్లు చౌక. చౌక కాబట్టే నేను కొనగలిగాను, ఆ మాటా చెప్పాలి కదా.

గాలికీ ఇళ్ల ధరలకీ ఉన్న ఈ సంబంధాన్ని అమెరికాలో లెక్కగట్టి చూశారు. అక్కడ 1970లో గాలి కాలుష్యాన్ని అదుపు చేసే చట్టాన్ని గట్టిగా తెచ్చారు. దుమ్ము పరిమితి దాటిన కౌంటీల మీద, అంటే మన జిల్లాల్లాంటి వాటి మీద, ఆంక్షలు ఎక్కువ. ఆ కౌంటీలనూ మిగతావాటినీ చే, గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు 2005లో పోల్చి చూపించారు. ఆంక్షలు పడ్డ చోట దుమ్ము ఎక్కువగా తగ్గింది, ఇళ్ల ధరలు ఎక్కువగా పెరిగాయి. ఆ చట్టానికి 1990లో చేసిన సవరణల తర్వాత ఏమైందో వేరేవాళ్లు చూస్తే, గాలిలో కాలుష్యం కొలిచే యంత్రాల చుట్టుపక్కలే గాలి ఎక్కువ బాగుపడిందట. అక్కడ ఉండేది ఎక్కువగా పేదవాళ్లే, కాబట్టి మేలు వాళ్లకే ఎక్కువ.

మనకూ 1981 నుంచి చట్టం ఉంది. పీఎం10 అనే సన్నటి ధూళి ఏడాది సగటున ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే 15 చాలంటుంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో, ప్రమాణాలు అందుకోలేని ఊళ్ల జాబితాలో విశాఖ కూడా ఉంది. కానీ ఊరంతటికీ ఒక సగటు చెబితే మన కిటికీ అందులో కనిపించదు. అందుకే యంత్రం ఎక్కడ పెట్టారన్నది నాకు పెద్ద విషయం.

ఇంకో చిక్కుంది. గాలి బాగుపడితే నా ఇంటి రేటు పెరుగుతుంది, బాగానే ఉంటుంది. మన వెనక వాటాలో అద్దెకున్న చేపల అత్తకి మాత్రం దగ్గు తగ్గి అద్దె పెరుగుతుంది. నేను పెంచనులే! పక్కింటివాళ్ల సంగతి చెప్పలేను.

దసరాకి వచ్చేటప్పుడు రెండు తెల్లగుడ్డ ముక్కలు తీసుకోండి. ఒకటి మీ బాల్కనీలో, ఒకటి మా డాబా మీద, ఒకే రోజు ఆరేసి చూద్దాం.

మీ తాతయ్య